విరామఘంట యెవరి చేతిలో?

గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయువారిని నడుమ నడుమ లేపి, వారి కన్నులకును చేతులకును విశ్రాంతి నిప్పించుటకై కొన్ని సాఫ్టువేర్లు పుట్టి చాలకాలమైనది. వర్క్‌రేవ్, స్ట్రెచ్లీ, సేఫ్ ఐస్ అనునవి వానిలో కొన్ని. ఇవి వెల యిచ్చి కొనవలసినవి కావు. వీని లోపలి వ్రాత, అనగా సోర్సు కోడు, ఎల్లరికిని బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, పదుగురకు పంచిపెట్టవచ్చును. ఇది సంపాదకీయము వ్రాయదగినంతటి సంగతియా యని పాఠకులలో కొందఱు నవ్వవచ్చును. పంటల ధరలును, కాలువల నీరును, ఎన్నికల సందడియు నుండగా తెరమీద మెఱయు నొక చిన్న సూచననుగూర్చి యింత ప్రసంగమేల యందురేమో. కాని యా సూచన వచ్చినప్పుడు లేచి నిలుచుటకు పనివానికి స్వాతంత్ర్యము కలదా లేదా యను ప్రశ్న యున్నది. హైదరాబాదునను, విశాఖపట్టణమునను, బెంగుళూరునను తెలుగు కుటుంబముల బిడ్డలు తెరముందు పగళ్ళును, పెక్కుమాఱులు రాత్రులును గడుపుచున్నారు. ఇల్లు తాకట్టుపెట్టి చదివించిన తల్లిదండ్రుల యాశలు వారి కన్నులమీదను మణికట్లమీదను నిలిచియున్నవి. దీనిని చిన్న సంగతి యని మే మెంచజాలము.

మొదట నీ సాధన మెట్టిదో తెలుపుదుము. వర్క్‌రేవునే యుదాహరణముగా గైకొందము. ఇది మీటలమీద వ్రేళ్ళ తాకిడిని, మౌసు కదలికను కనిపెట్టుచుండును. వాడుకరి తన యిష్టమువచ్చినట్లు మార్చుకొననిచో మూడు నిమిషముల పనికి 30 సెకనుల చిన్న విరామమును, 45 నిమిషముల పనికి 10 నిమిషముల పెద్ద విరామమును, దినమునకు 4 గంటల పరిమితిని ఇది సూచించును. పెద్ద విరామమున మెడను, భుజములను, మణికట్టును సడలించు వ్యాయామములను బొమ్మలతో జూపును. పనివాడు తనంతట తానే లేచిపోయి కొంతసేపు మీటలను తాకకుండెనేని ఆ కాలమును విశ్రాంతిగనే జమకట్టుకొని ఊరకుండును. ఈ యొక్క గుణమును పాఠకులు గుర్తుంచుకొనవలయును. దీనితో మున్ముందు మనకు పని కలదు.

తెరమీదికి వచ్చు సూచనకు ప్రక్కనే రెండు మీటలుండును. ఒకటి వాయిదా వేయుటకు, రెండవది పూర్తిగ దాటవేయుటకు. వాయిదా యననేమో న్యాయస్థానముల చుట్టు తిరుగు మా వంటివారికి వేఱుగ బోధింప బనిలేదు. తండ్రి కాలమున దాఖలైన దావా వాయిదామీద వాయిదా పడి మనుమని కాలమునగాని తేలకుండుట మేము చూచుచునే యున్నాము. వాయిదా వేసిన విశ్రాంతియు నట్టిదే. తుదకు తీర్పు చెప్పువాడు వైద్యుడగును.

ఈ బాధ కంప్యూటరుతో బుట్టినది కాదు. ఇటలీదేశమున మోడెనా నగరములో 1700వ సంవత్సరమున బెర్నార్డీనో రామజ్జీని యను వైద్యుడు వృత్తులవలన గలుగు వ్యాధులనుగూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. 1713లో దానికి జేర్చిన భాగమున లేఖరుల విషయము వ్రాయుచు, వారి రోగములకు మూడు కారణములు చూపెను: కదలక కూర్చుండుట, చేతిని ఎడతెగక ఒకే తీరున నాడించుట, లెక్కలలోను వ్రాతలోను తప్పు దొర్లునేమో యని మనస్సును బిగబట్టియుండుట. వ్రాసి వ్రాసి కుడిచేయి పడిపోయిన యొక లేఖరి యెడమచేతితో వ్రాయ నేర్చుకొనెననియు, కొంతకాలమునకు నా చేతికిని అదే గతి పట్టెననియు నాతడు చెప్పియున్నాడు. కలము పోయి మీట వచ్చినదే కాని యా మూడు కారణములును చెక్కుచెదరక యున్నవి. తంతి పంపు గుమాస్తాల చేతులు కొంకర్లు పోవు వ్యాధిని బ్రిటిషు ప్రభుత్వము 1908లోనే నష్టపరిహార మీయదగిన వృత్తివ్యాధుల జాబితాలో జేర్చెను. అనగా చేతివ్రేళ్ళతో చేయు తేలికపని గూడ మనుష్యుని అంగహీనుని జేయగలదని చట్టము ఒప్పుకొని నూఱు సంవత్సరములు దాటినది.

కంటి సంగతియు నట్లే. జపాను వైద్యు లిరువురు 1993లో ప్రకటించిన పరిశీలనలో, ఊరక కూర్చున్నప్పుడు నిమిషమునకు సగటున 22 సారులు పడు ఱెప్ప, పుస్తకము చదువునప్పుడు 10 సారులును, తెరను చూచునప్పుడు 7 సారులును మాత్రమే పడుచున్నదని తేలినది. ఱెప్ప పడకున్న కన్నీటిపొర ఆరును. ఆరిన కన్ను మండును, ఎఱ్ఱబాఱును, చూపు మసకలువాఱును. మెడ విషయమున మనకొక భ్రమ కలదు. కదలకున్నది గావున విశ్రాంతిలో నున్నదనుకొందుము. తలను ముందునకు వంచి నిలుపుటకై మెడ కండరములు బిగిసియే యుండును. బిగిసిన కండరములో రక్తప్రసారము తగ్గి నొప్పి పుట్టును. (నీలికాంతి నాపునని చెప్పి యంగళ్ళలో నమ్ము కండ్లద్దములను గొనుటకంటె ఇరువది నిమిషముల కొకసారి కిటికీలోనుండి దూరపు చెట్టును జూచుట మేలు. ఆ యద్దములు అక్కఱలేదని అమెరికా నేత్రవైద్యుల సంస్థయే చెప్పుచున్నది.)

ఇక నిట్టి సూచనలవలన నిజముగా మేలు కలుగునా? ఇందు మేము వకీలుగా ఒకవైపు సాక్ష్యమునే చూపి ఊరకుండుట న్యాయము కాదు. హాలండు దేశమున మెడనొప్పి, చేతినొప్పి గల 268 మంది కంప్యూటరు ఉద్యోగులను మూడు తెగలుగా విభజించి, కొందఱికి విరామములను సూచించు సాఫ్టువేరును, కొందఱికి దానితోబాటు వ్యాయామములను, తక్కినవారికి ఏమియు నీయక యెనిమిది వారములు పరీక్షించిరి. 2003లో ఫలితములు ప్రకటింపబడినవి. సాఫ్టువేరు వాడినవారిలో నూటికి 55 మంది తమ బాధ తగ్గినదనిరి. వాడనివారిలో 34 మందియే యట్లనిరి. అయినను బాధ తీవ్రతను, అది వచ్చు తఱచుదనమును ముందువెనుకల కొలిచి చూచినప్పుడు తెగల నడుమ చెప్పదగిన భేదము కనబడలేదు. 2019లో కొక్రేన్ సంస్థవారు ఇట్టి పరిశోధనలను సమీక్షించి, విరామముల సంఖ్యను మార్చుటవలన నొప్పి తగ్గునని చూపుటకు ఉన్న సాక్ష్యము బలహీనమని తేల్చిరి. కావున ఈ సాఫ్టువేరు సంజీవని కాదు. దీనిని కంప్యూటరులో నెక్కించినంతనే మణికట్టు బాగుపడునని యెవరైన ననిరేని అది తాయెత్తులమ్మువాని మాట.

మఱి మేము దీని పక్షమున నేల మాటాడుచున్నాము? అమెరికాలో ఆదాయపు పన్ను శాఖ కాగితములను కంప్యూటరులో నెక్కించు గుమాస్తాలమీద జరిగిన వేఱొక పరిశీలన 2000లో వెలువడినది. వారికి మామూలుగా నుండు విరామములు గాక, విరామము లేని గంటలలో అయిదేసి నిమిషముల చొప్పున దినమునకు 20 నిమిషముల విరామము అదనముగ నిచ్చిరి. కన్నుల బాధయు, అవయవముల బాధయు తగ్గినవి. పని మాత్రము తగ్గలేదు. ఇరువది నిమిషములు తక్కువగా కూర్చుండియు మునుపటియంత పనిని చేసిరి. ఈ రెండు పరిశీలనలలో నొక భేదము కలదు. మొదటిదానిలో తెర చెప్పినది. రెండవదానిలో యజమాని యిచ్చినాడు. యజమాని యిచ్చిన విరామమునకు వాయిదా మీట లేదు.

ఇచ్చటనే అసలు తగవు. వర్క్‌రేవు వంటి సాధనము మీటల కదలికను లెక్కించునని పైని జెప్పితిమి. అదే లెక్కను వేఱొక జాతి సాఫ్టువేరుగూడ చేయుచున్నది. అది యజమాని యెక్కించునది. ఉద్యోగి యెన్నిసారులు మీట నొక్కెను, మౌసు ఎంతసేపు కదలకుండెను, తెర ఎన్ని నిమిషములు ఊరకుండెను అను సంగతులను నిమిషనిమిషమునకు వ్రాసి పైయధికారి బల్లమీదికి బంపును. కోవిడు రోజులలో పని యిండ్లకు దరలినప్పుడు ఇట్టి వాని వాడుక లోకమంతట పెరిగినది. మీటలు కదలని అయిదు నిమిషములను మొదటి సాఫ్టువేరు విశ్రాంతి యనును. రెండవది సోమరితన మనును. ఒకే మనుష్యుడు, ఒకే కుర్చీ, ఒకే అయిదు నిమిషములు. ఒకటి లెమ్మని చెప్పుచుండగా రెండవది లేచినావని పేరు వ్రాసికొనుచున్నది.

ఇది మా యూహ కాదు. విదేశీ భీమా కాగితములను సరిచూచు నొక సంస్థలో బనిచేయు యువకుడొకడు సలహాకై మాయొద్దకు వచ్చెను. మణికట్టు నొప్పిచే రాత్రులు నిద్ర పట్టుట లేదట. వైద్యుని మాటపై గంటకొకసారి లేచి నడచుచుండెను. నెల కాగానే పని లేని నిమిషముల మొత్తము చూపి సంజాయిషీ కోరుచు నొక కాగితము వచ్చినది. అతడు చేసిన పనిలో తప్పులున్నవని యందు లేదు, పని తగ్గినదనియు లేదు. కదలని నిమిషములు మాత్రమే యున్నవి. సంజాయిషీ యేమని వ్రాయవలెనండీ యని యతడు అడిగినప్పుడు వైద్యుని చీటీని జతపఱుపుమని చెప్పితిమి. ఆ చీటీ చేరిన పిమ్మట ఆ సంస్థవారు మౌనము వహించిరి. కాని ఆ యువకుడు నాటినుండి గంట మ్రోగినను లేచుట మానినాడు. అతని తెరమీద నిప్పుడు దాటవేత మీటకే పని యెక్కువ.

ఉద్యోగులే విరామములను దాటవేయుచున్నారు, మేమేమి చేయుదుము అని యజమానులు చెప్పు మాట మేము విన్నాము. పైకి జూడ నిజమే. కాని దినమున కిన్ని కాగితములని లెక్క గట్టి, ఆ లెక్కకు తగ్గిన జీతమున కోత బెట్టి, పిమ్మట విరామము నీ యిష్టమనుట, ఆకలిగొన్నవాని ముందు అన్నము పెట్టి చేతులు కట్టివేసినట్లే. మీట నొక్కినది అతని వ్రేలే. నొక్కించినది పైనున్న లెక్క. ఒప్పందములలో నిర్బంధమువలన బుట్టిన సమ్మతి సమ్మతి కాదని చట్టమే చెప్పుచున్నది గదా.

చట్టము మాట వచ్చినది గావున, మన దేశమున విరామమునకు గల చరిత్రను కొంచెము తలంచుకొందము. 1884లో బొంబాయి మిల్లు కూలీలు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున సమర్పించిన విన్నపములో ఆదివారపు సెలవును, మధ్యాహ్నమున అరగంట విరామమును గోరిరి. అరగంట! దానికొఱకు ఏడేండ్లు కాచుకొనవలసివచ్చినది. 1891 నాటి ఫ్యాక్టరీల చట్టముగాని వారికి దాని నీయలేదు. స్వరాజ్యము వచ్చిన మఱుసటి సంవత్సరము, 1948లో, మన శాసనసభ చేసిన ఫ్యాక్టరీల చట్టము 55వ సెక్షనులో అయిదు గంటలకు మించి విరామము లేక పని చేయింపరాదనియు, విరామము అరగంటకు దక్కువ కారాదనియు నియమించెను. ఆ చట్టమును తక్కిన మఱికొన్ని చట్టములను గలిపి 2020లో చేసిన వృత్తిభద్రతా ఆరోగ్య స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పనివానికి గాయముగాని వృత్తివ్యాధిగాని కలిగించు ప్రమాదములు లేకుండ పనిచోటును ఉంచుట యజమాని విధి యని అందు 6వ సెక్షను చెప్పుచున్నది. మంచి మాటయే. కాని ఆ మాట తెరముందు కూర్చున్నవానికి ఎట్లు వర్తించునో విడమఱచి చెప్పు నియమము మన దేశమున లేదు. మగ్గము ముందు నిలుచున్నవాని కాళ్ళను మనస్సులో నుంచుకొని గీచిన గీత, తెరముందు కూర్చున్నవాని కన్నును కాపాడజాలదు. మూడు గంటలు ఱెప్పవాల్చక చూచినవానికి నాలుగవ గంటకే హాని కలిగియుండును. చట్టము అయిదవ గంటవఱకు నిద్రించుచుండెను. నిద్ర నేడు మఱికొంత సాగినది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలలో దినమునకు 10 గంటలవఱకు పనికి అనుమతి నిచ్చుచు, ఆఱు గంటల పిమ్మట అరగంట విరామ మీయవలెనని యుత్తరువు చేసెను. ఆంధ్రప్రదేశమును అదే సంవత్సరము పది గంటల త్రోవనే పట్టినది. వారమునకు 48 గంటల హద్దు నిలిపితిమి గదా యని తెలంగాణ మంత్రులందురు. కన్ను వారపు లెక్క నెఱుగదు.

ఇతరు లేమి చేసిరో చూడుడు. యూరపు దేశముల సమాజము 1990 మే 29న తెరముందు పనిచేయువారి రక్షణకై ప్రత్యేకముగ నొక శాసనము చేసెను. తెరపని నడుమ నడుమ విరామములచేతనైనను, పనిని మార్చుటచేతనైనను తెగునట్లు ఏర్పాటు చేయుట యజమాని బాధ్యత యని దానిలో 7వ నిబంధన. కంటి పరీక్షకు ఉద్యోగికి హక్కు గలదని 9వ నిబంధన. అనుబంధములో మఱియొక వాక్య మున్నది, దానిని మన శాసనకర్తలు కంఠస్థము చేయదగును: పని పరిమాణమునుగాని గుణమునుగాని కొలుచు ఏ సాధనమును ఉద్యోగికి దెలియకుండ వాడరాదు. గంటను, గూఢచారిని ఒకే శాసనమున జూచిన బుద్ధిమంతులు వారు. ఆ శాసనము ననుసరించి చేసిన నిబంధనలు బ్రిటనులో 1993 జనవరి 1 నుండి నడచుచున్నవి. రెండు గంటల కొకసారి ఇరువది నిమిషములకంటె గంట కొకసారి అయిదు పది నిమిషముల విరామమే మేలని అచ్చటి అధికారులు యజమానులకు బోధించుచుందురు. మన పిల్లలు హైదరాబాదున గూర్చుండి ఆ దేశముల కంపెనీల పనినే చేయుచున్నారు. ఆ పని లండనులో జరిగినప్పుడు దానికి విరామము విధి. విమానమెక్కి యిటకు వచ్చినంతనే దాటవేయదగిన సలహా. రంగును బట్టి దేహములకు వేఱు వేఱు చట్టములుండిన కాలమున మన పెద్దలు దేనితో పోరాడిరో దానినే మనము కూలి తక్కువ యను పేర లాభముగ లెక్కించుకొనుచున్నాము.

దేశము ముందునకు బోవలెనన్న యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరైన నారాయణమూర్తిగారు సెలవిచ్చిరి. 2025 జనవరిలో మఱియొక మహాసంస్థ యధ్యక్షులు 90 గంటలనిరి. వారి దేశభక్తిని మేము శంకింపము. తమ యౌవనమున వారును కష్టపడినవారే. కాని సొంత సంస్థను గట్టుకొనుటకు మేల్కొన్నవాని రాత్రియు, ఒకరి లెక్క నిండుటకు మేల్కొన్నవాని రాత్రియు ఒకటి కావు. దేశసేవ పేర ఉపవాసముండుమన్న ఉండెదము, జైలునకు బొమ్మన్న మన పెద్దలు పోయిరి. విదేశపు బీమా కంపెనీ కాగితములకొఱకు ముప్పదియేండ్లకే చేయి చచ్చుబడుట ఏ దేశసేవయో వారు చెప్పవలయును. పైగా అమెరికా పన్నుల గుమాస్తాల నిదర్శనము పైని జూపితిమి. అందు విరామమునకై యిచ్చిన కాలము పనిని తినివేయలేదు.

కావున మేము కోరునది పెద్ద మాట కాదు. గంటకు అయిదు నిమిషముల తెరవిరామము పనికాలములోని భాగమే యని పై స్మృతిక్రింద చేయు నియమములలో జేర్పవలెను. అది పని లెక్కలో పట్టరాదు, జీతమున కోయరాదు. విరామమును సూచించు సాఫ్టువేరును సంస్థయే యెక్కించినను, అది కూడబెట్టు లెక్కలు ఉద్యోగివి కావలెను గాని పైయధికారివి కారాదు. అందుకే లోపలి వ్రాత బహిరంగముగ నున్న వర్క్‌రేవు వంటివానిని మేము మెచ్చుకొనుచున్నాము. గంట పేర తెచ్చినది గూఢచారియా కాదా యని తెలిసినవా డెవడైన విప్పి చూడవచ్చును. మూసిన పెట్టెలో నున్నదానిని నమ్ముమనుట ఏ న్యాయస్థానమునను చెల్లని వాదము. ఉద్యోగుల సంఘములు జీతములతోబాటు దీనిని గూడ బేరములో బెట్టవలెను. ఇప్పటివఱకు వారి కోర్కెల పట్టికలలో దీనికి చోటు చాలినంత లేదు.

ప్రైవేటు సంస్థలను ఒప్పించువఱకు ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. మీసేవ కేంద్రములలోను, సచివాలయములలోను, రిజిస్ట్రేషను కచ్చేరీలలోను, న్యాయస్థానములలోను ఉదయము మొదలు మీటలు నొక్కుచున్న గుమాస్తాలు, టైపిస్టులు ప్రభుత్వపు బిడ్డలే. క్యూలో నిలిచిన ప్రజలు విసుగుకొందురని కొందఱధికారులు శంకింతురు. బల్లకు ఇద్దఱుండి ఒకరి తరువాత నొకరు లేచిన క్యూ ఆగదు. ఈపాటి వంతులు రైల్వేవారు ఏనాడో నేర్చుకొనిరి. సాఫ్టువేరునకు ఖజానానుండి ఒక్క రూపాయియు దీయనక్కఱలేదు.

మిగిలినది భాష. విజయవాడ గుమాస్తాకు ఇంగ్లీషున వచ్చు సూచనకంటె తెలుగున వచ్చినది త్వరగా దృష్టికి దగులును. లోపలి వ్రాత బహిరంగమే గనుక సూచనలను, వ్యాయామముల వివరణలను తెలుగు చేయుటకు ఎవరి యనుమతియు గోర బనిలేదు. మన పఠనాలయములలో కంప్యూటరు విద్య నేర్చిన యువకులు నలుగురైదుగురు గూడినచో కొన్ని ఆదివారములలో తీరు పని యది. మాటల కూర్పు సరిచూచుటకు ఎవరైన గావలెనన్న మేమును వత్తుము. పెద్ద విరామము పది నిమిషములు మాత్రము మానకుండ తీసికొనుచుందుమని ముందుగనే తెలియజేయుచున్నాము.